అక్షింతల లైనులో సూపర్‌కండక్టర్

మా మరదలి పెళ్ళి వీడియో మొన్ననే వచ్చింది. చూసినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: "ఇదేంటి, వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తున్నారు, ఎడిటింగ్‌లో పొరపాటా?" అప్పుడు మా ఇంట్లోవాళ్ళంతా టీవీ వదిలేసి నా వైపు చూస్తారు. ఎడిటింగ్ శుభ్రంగా ఉంది. పొరపాటు నాది. ఏం జరిగిందో చెబుతాను వినండి. నవ్వొస్తే మాత్రం టీ కప్పు పక్కన పెట్టి నవ్వండి, సోఫా కవర్లు కొత్తవి.

నా ఉద్యోగం ఏమిటో మీకు తెలుసు. అయినా ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా మా అత్తారింట్లో నేను కరెంటు పనివాణ్ణే. కాలేజీలో ఫిజిక్సు చెబుతూ పరిశోధన చేస్తుంటాను. రాగి కలిసిన కొన్ని పదార్థాలుంటాయి. బాగా చల్లబరిస్తే వాటి లోపలి ఎలక్ట్రాన్లు రెండు రకాల బుద్ధులు చూపిస్తాయి. ఒక్కోసారి బంతి భోజనాలకి కూర్చున్నట్టు వరసలు కట్టి ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, ఒక వరస నిండుగా, పక్క వరస పల్చగా. దాన్ని ఛార్జ్ ఆర్డర్ అంటాం. ఒక్కోసారి జంటలు కట్టి, ఎక్కడా తగలకుండా, అలుపన్నది లేకుండా సాగిపోతాయి. అది సూపర్‌కండక్టర్. ఈ రెండు బుద్ధులకీ అసలు పడదా, లేక పైకి తగువులాడుకుంటూ లోపల్లోపల సాయం చేసుకుంటున్నాయా అన్నదే మా గొడవంతా. వీటిని హై టెంపరేచర్ సూపర్‌కండక్టర్లు అంటారు గానీ మోసపోకండి, మా వాళ్ళకి హై అంటే కూడా ఐసు కంటే బోలెడు చల్లన. నాకు ల్యాబ్ లేదు, వైర్లు లేవు. ఒక కంప్యూటరూ, ఒక పెన్నూ. ఇదంతా ఓపిగ్గా విని మా అత్తగారు, "అయితే ఆ మిక్సీ ఎందుకు తిరగట్లేదో ఓసారి చూద్దురూ" అంటారు.

మాది కంచరపాలెం. మా మావయ్యగారు కోనసీమ నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయారు. పరమ మర్యాదస్తుడు. అలాంటాయనకి నా పెళ్ళిలో ఒక ముల్లు గుచ్చుకుంది. అక్షింతలు వెయ్యడానికి జనం స్టేజి మీద పడిపోయారు, ఎక్కేవాళ్ళు ఎక్కలేక, దిగేవాళ్ళు దిగలేక తోపులాట. అందులో నలిగిన మా పెదనాన్న విసుగెత్తి, ఎంగిలి పడకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. మగపెళ్ళివాళ్ళు తినకుండా వెళ్ళిపోయారన్న మాట మావయ్యగారు ఇప్పటికీ మర్చిపోలేదు. మా పెదనాన్న అసలే మర్చిపోనివ్వడు.

అందుకే చిన్న కూతురు లావణ్య పెళ్ళికి ఆయన భయమంతా ఒక్కటే. పెళ్ళికొడుకుది ఎలమంచిలి. ముహూర్తం తెల్లవారుజామున, మధ్యాహ్నం అక్షింతలూ భోజనాలూ. మూడున్నరకి వర్జ్యం. అది రాకముందే మగపెళ్ళివారు తృప్తిగా తిని, పిల్లని తీసుకుని బస్సెక్కాలి. తినకపోతే పరువు పోతుంది, ఆలస్యమైతే వర్జ్యంలో ప్రయాణం.

"ఈసారి కూడా అలాగే అయితే నేను తలెత్తుకోలేనండి బాబూ" అన్నారు నాతో.

నాకు జాలేసింది. జాలితో పాటు ఉత్సాహం కూడా వచ్చింది, అదే తప్పయింది. "మావయ్యగారూ, జనం ఎందుకు ఇరుక్కుంటారో, ఎప్పుడు ఇరుక్కోరో, నేను చేసేది ఆ పనేనండి. లైను సంగతి నాకొదిలెయ్యండి" అన్నాను.

మా ఆవిడ హైమ పక్కనుంచి, "ఎలక్ట్రాన్లకి ఆకలెయ్యదండీ" అంది. వినుంటే బాగుండేది.

వారం రోజులు ప్రతి పెళ్ళికీ వెళ్ళి గమనించాను. మన అక్షింతల లైను ఎందుకు ఆగుతుందో తెలుసా? స్టేజి మెట్ల దాకా వచ్చాక ఒకావిడ ఆగిపోతుంది. "ఉండండి, మా ఆయన్ని రానివ్వండి" అంటుంది. ఆయన బయట కారు పక్కన ఎవరితోనో రాజకీయాలు మాట్లాడుతుంటాడు. ఆయన వచ్చేదాకా ఆవిడ కదలదు, వెనక ఊరంతా కదలదు. అంటే రోగం ఒంటరి మనుషులది. మందు కూడా దొరికిపోయింది: జంట కట్టినవాళ్ళనే లైన్లోకి రానివ్వాలి.

హాలు మద్దిలపాలెం దగ్గర, మంచి ఏసీ హాలు. కొలతలు తీసుకుని, నా కంప్యూటర్లో రోజూ గీసుకునే గళ్ళ బొమ్మలోనే హాలంతా గీశాను. కుర్చీలు వరసలుగా పేర్చి, మధ్యలో దారులు, దారులకి తాళ్ళు. హైమకి చూపిస్తే, "ముగ్గులా అందంగా ఉంది" అని బ్లౌజు తెచ్చుకోవడానికి టైలర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

పెళ్ళి రోజు నా ఏర్పాటు చూసి తీరాలి. లైను మొదట్లో నేనే నిలబడ్డాను. మొగుడు లేకుండా ఏ పెళ్ళాన్నీ రానివ్వలేదు. ఒంటరిగా వచ్చినవాళ్ళకి అక్కడికక్కడే జత కుదిర్చాను. మా అత్తగారి తోడికోడళ్ళు ఇద్దరున్నారు, ఏదో చీర విషయంలో మాటల్లేవు. ఆ ఇద్దర్నీ జత కట్టాను. మా రాగి పదార్థాల్లో వింత కూడా అదే, ఒకదానికొకటి పడని ఎలక్ట్రాన్లే ఎడం పాటిస్తూ జత కడతాయి. వాళ్ళూ అలాగే మూర దూరంలో, మొహాలు చెరో వైపు తిప్పుకుని, కలిసే నడిచారు.

లైను సాగింది. ఎలా సాగిందనుకున్నారు! తోపు లేదు, ఆగడం లేదు, అరుపు లేదు. జంట ఎక్కడం, అక్షింతలు, ఫొటో, జంట దిగడం. మావయ్యగారు నా భుజం మీద చెయ్యేసి, "ఇన్నాళ్ళకి మీ చదువు అక్కరకొచ్చిందండీ" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ ఇంట్లో మిక్సీ కాకుండా ఇంకో దానికి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఒంటిగంట అయింది. లైను తరగలేదు. జనం బాగా వచ్చారులే అనుకున్నాను. ఒకటిన్నరకి కేటరింగ్ ఆయన వచ్చి, "సార్, ఆకులేసి కూర్చున్నాం. ఒక్కరూ రాలేదు. పప్పు చల్లారిపోతోంది" అన్నాడు. "వస్తారు, వస్తారు" అన్నాను. రెండు కావస్తుండగా స్టేజి మీంచి లావణ్య కళ్ళతోనే పిలిచింది. వెళ్ళాను.

"బావగారూ, ఈ పిన్నిగార్లు ఇందాక వచ్చారు కదా? అంతకుముందు కూడా వచ్చారు కదా?" అంది, నవ్వు మొహం చెదరకుండా. కెమెరా నడుస్తోంది మరి. "వంగి వంగి నా మెడ పడిపోతోంది."

చూద్దును కదా, మెట్లెక్కుతున్నది ఆ మాటల్లేని తోడికోడళ్ళే. ఇప్పుడు మాటలు కూడా కలిశాయి, ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటున్నారు.

నేను తేరుకునేలోగా పెళ్ళికొడుకు మేనమామ అప్పల్నాయుడుగారు మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకున్నారు. పెద్దమనిషి, చెమటతో కండువా తడిసింది.

"బాబూ, ఏటనుకోకు. మీ గోదారోళ్ళు అచ్చింతలు ఎన్నిసార్లు ఏత్తారేటి? ఎన్ని తిరుగుళ్ళు తిరిగినామో నాకే తెల్దు. పిల్లనిచ్చినోళ్ళ ఆచారం, కాదనకూడదని నోర్మూసుకుని తిరగతన్నాం. నాను ఎలాగో తిరిగీగల్ను. మా ఆడోళ్ళకి మోకాళ్ళు నొప్పులు."

"మరి దిగాక భోజనాలకి వెళ్ళలేదా అండీ?"

"ఎల్తన్నాం కదేటి! దిగినాక లైను కనబడతంది. బోజనాల లైనే గావాలని నిలబడతన్నాం. తీరా ముందుకొచ్చి సూత్తే మళ్ళీ పెళ్ళికూతురే."

ఆయన వెనకే మా అత్తగారి చెల్లెలు గుసగుసగా, "ఎలమంచిలి వాళ్ళ పద్ధతిటండీ, ఇన్నేసిసార్లు వెయ్యాలిట. మర్యాద కదా, మేమూ వేస్తున్నాం" అంది. అటువాళ్ళు ఇది ఇటువాళ్ళ ఆచారమనుకున్నారు. ఇటువాళ్ళు అటువాళ్ళదనుకున్నారు. ఇరుపక్షాలూ మర్యాదస్తులే, అడిగినవాడు లేడు. రెండో విడత చేతిలో గిఫ్టు లేదని సిగ్గుపడి, మొదటిసారి ఇచ్చిన కవరే తిరిగి తీసుకుని మళ్ళీ ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారట.

అప్పుడు వెలిగింది నాకు. మా లెక్కల్లో నిజమైన పదార్థమంత పెద్దది కంప్యూటర్లో పట్టదు. చిన్న పెట్టె తీసుకుంటాం. పెట్టెకి గోడలుంటే లెక్క పాడవుతుంది. అందుకని కుడి అంచుని ఎడమ అంచుకి అతికించేస్తాం, ఇటు బయటికెళ్ళిన ఎలక్ట్రాన్ అటు నుంచి లోపలికొస్తుంది. మా వాళ్ళంతా అలాగే చేస్తారు. పళ్ళు తోముకోవడమంత అలవాటు, ఎవరూ చెప్పుకోరు కూడా. హాలు బొమ్మ గీసేటప్పుడు నా చెయ్యి అలవాటు చొప్పున అదే పని చేసేసింది. స్టేజి దిగిన దారి నేరుగా లైను మొదట్లో, గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డ నా వీపు వెనకాల కలిసింది. భోజనాల హాలు తలుపు ఏదీ అంటారా? నా కుర్చీల వరస వెనకాల ఉంది, తాడు కూడా గట్టిగా కట్టించాను.

ఒక్క క్షణం, దేవుడి మీద ఒట్టు, నాకు ముచ్చటేసింది. జంటలు, వలయం, అడ్డన్నది లేని ప్రవాహం. సూపర్‌కండక్టర్‌లో ఇలా వలయంలో మొదలైన కరెంటు ఏళ్ళ తరబడి ఆగదు. మామూలు గది వేడిలో అలాంటిది తయారు చెయ్యాలని ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకుంటుంటే, నేను మద్దిలపాలెంలో మంగళవాద్యాల మధ్య తయారు చేసేశాను. మరుక్షణం గడియారం కనబడింది. రెండుంపావు. మగపెళ్ళివాళ్ళు ఒక్కరు కూడా ముద్ద ముట్టలేదు.

మైకు లాక్కుని, "అందరూ భోజనాలకి దయచెయ్యండి" అన్నాను. "మేం భోజనాల లైన్లోనే ఉన్నాం కదండీ" అని జవాబొచ్చింది. తాళ్ళు విప్పాను. అయినా వదిలిపోరే. లైను వదిలితే ముందు జంట ఏమనుకుంటుందో అని వెనక జంట, వెనక జంట ఏమనుకుంటుందో అని ముందు జంట. చేతులు పట్టుకుని ఆపబోతే నన్ను చుట్టుకుని మరీ సాగిపోయారు. అడ్డం పడినా ఆగకపోవడమే సూపర్‌కండక్టర్ లక్షణమని క్లాసులో నేనే ఎన్నిసార్లు చెప్పానో.

మావయ్యగారు దూరంగా నిలబడి బస్సు వైపూ, గడియారం వైపూ చూస్తున్నారు. ఆ మొహం నేను చూడలేకపోయాను. ఇలాంటి జంటల్ని విడగొట్టడానికి నా చదువు నేర్పిన ఉపాయం ఒక్కటే గుర్తొచ్చింది. వేడి. పరిగెత్తుకెళ్ళి స్విచ్‌బోర్డు తలుపు తీసి, హాల్లో ఏసీలన్నీ కట్టేశాను.

మన విశాఖ ఉక్క సంగతి మీకు చెప్పాలా? అయిదు నిమిషాలు పట్టలేదు. మొదట మొగుళ్ళు కండువాలు తీశారు. తర్వాత పెళ్ళాలు, "కాస్త ఎడంగా జరగండి, అసలే ఉడికిపోతున్నాను" అన్నారు. చేతులు విడిపోయాయి. జంటలు చెదిరిపోయాయి. అందరూ గాలి కోసం వెతుక్కుంటే, నా కుర్చీల వెనక తలుపు సందులోంచి భోజనాల హాలు ఫ్యాను గాలి తగిలింది, గాలితో పాటు పులిహోర వాసన కూడా. అప్పల్నాయుడుగారే ముందు నడిచి నా కుర్చీల వరసని మోకాలితో నెట్టేశారు. ఇక ఆ తొక్కిడి నేను చెప్పలేను. కానీ అందరూ తిన్నారు. అప్పల్నాయుడుగారు గారెలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. వర్జ్యానికి ఇంకా కాస్త టైముందనగా బస్సు కదిలింది, లావణ్య ఏడవడం కూడా హడావుడిగానే ఏడ్చింది.

స్విచ్‌బోర్డు దగ్గర నన్ను మావయ్యగారు పట్టుకున్నారు. నా చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"ఏసీ పోయిందా బాబూ?"

"పోలేదండి. నేనే కట్టేశాను."

"ఎందుకండీ?"

చెప్పాను. అంచులు అతికించిన సంగతితో సహా మొత్తం చెప్పాను. ఆయన స్విచ్‌బోర్డు మీంచి నా చెయ్యి తీసేశారు. "ఈ సంగతి వియ్యాలవారికి తెలియకూడదండి. ఆచారమనే అనుకోనివ్వండి" అన్నారు. అల్లుడి పరువు కోసం ఆ మాటన్నారు చూడండి, నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. మూడో రోజు ఎలమంచిలిలో వ్రతం. అందరం వెళ్ళాం. గుమ్మంలోనే అప్పల్నాయుడుగారు ఎదురొచ్చి మావయ్యగారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"రండి బావగారూ. మీ ఆచారానికి మేం తక్కువ సేత్తామేటి? అంతా మీ పద్దతిలోనే ఏర్పాటు సేసీసినాం."

లోపల షామియానా కింద కుర్చీలు వరసలుగా పేర్చి, మధ్యలో దారులు, దారులకి తాళ్ళు. దిగిన దారి ఎక్కే దారిలో కలిసింది. నాకంటే శుభ్రంగా కట్టారు.

మావయ్యగారు నోరు మెదపలేదు. మెదిపితే అల్లుడి గుట్టు బయటపడుతుంది. కండువా సర్దుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని, అక్షింతలతో బయల్దేరారు. ఆ వయసులో ఆయన అలా తిరుగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. నిజం చెప్పేద్దామని కుర్చీలోంచి లేచాను. ఆయన ఆ విడత నా పక్కనుంచే వెళుతున్నారు. ఆగకుండానే నా భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కారు.

"మీరు కదలకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను, ఆ కుర్చీలోనే ఉండండి."

కూర్చున్నాను. సాయంత్రం దాకా లేవలేదు. వరసలో ఎక్కడివక్కడ బిగుసుకుపోయే ఆ ఛార్జ్ ఆర్డర్ మీద ఇన్నేళ్ళుగా పేపర్లు రాస్తున్నాను గానీ, అందులో ఎలక్ట్రాన్‌కి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.