గొర్రెలొచ్చిన తెలుగు పీరియడ్

ఒక ఉపాధ్యాయుడు ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో ఎవరికైనా అనుమానం ఉంటే నన్నడగండి. మిగతావాళ్ళు కొద్దికొద్దిగా పోగొట్టుకుంటారు. నేను మండల విద్యాధికారిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ఉన్నదంతా ఒకే పీరియడ్‌లో పోగొట్టుకున్నాను. దానికి కారణం గొర్రెలని ఆ ఊళ్ళో ఇప్పటికీ అనుకుంటారు. పాపం, వాటి తప్పేమీ లేదు. అసలు కారణం నా కడుపుమంట.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కేతేపల్లి దగ్గర ఒక ఊరి హైస్కూల్లో తెలుగు సార్‌ని. నా పద్ధతి ఎవరికీ ఇబ్బంది లేనిది. నేను చదువుతాను, పిల్లలు వింటారు, వెనక బెంచీ నిద్రపోతుంది. అంతలో ఇంగ్లిష్ చెప్పడానికి సుజాత మేడం వచ్చింది. సొంతూరు నారాయణపేట. చీరలే కాదు, పాఠాలు కూడా కొత్త కొత్తవి తెచ్చేది.

ఆవిడ పాఠాన్ని ముక్కలుగా కత్తిరించి గది నిండా దాచేది. పిల్లలు వెతికి, చదివి, వరుసలో పేర్చాలి. ఇంకోరోజు బోర్డు మీద ఒక వాక్యం రాసి మాట్లాడకుండా నిలబడేది. పిల్లలు చదువుకుని, అందులో ఏముంటే అది చేయాలి. లేవడం, ఎగరడం, కిటికీ మూయడం. నేను గొంతు చించుకుంటుంటే ఆవిడ నోరు విప్పకుండా పాఠం చెప్పేసేది. గోడవతల నుంచి ఆ నవ్వులు వినబడితే నేను పద్యం మధ్యలో మరచిపోయేవాణ్ణి.

ఒకరోజు ఏడో తరగతి శ్రావణి లేచి నిలబడింది. "సార్, మమ్ముల మీరు గూడ మేడం లెక్క ఉరికించుండ్రి."

"తెలుగు ఉరుక్కుంట చదివేది గాదు బిడ్డా."

"కూసోని చదివితే నిద్రొస్తాంది సార్."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. దీనికి వేరే పేరు పెట్టి గౌరవించను, అది పచ్చి అసూయ.

అలాంటప్పుడే ఎంఈవో సార్ మా బడికి వస్తున్నారని తెలిసింది. ఎవరి క్లాసు బాగుంటే వాళ్ళు నల్గొండలో, జిల్లా టీచర్లందరి ముందు పాఠం చెప్పాలట. మా హెడ్మాస్టర్ హాయిగా ఊపిరి పీల్చుకుని, "నాకేం ఫికర్ లేదు, సుజాత మేడం ఉన్నది గదా" అన్నారు. నేను ఆయన పక్కనే, ఆయన తెప్పించిన చాయే తాగుతున్నాను. నల్గొండకు పోతే నేనే పోవాలని ఆ చాయ్ పూర్తయ్యేలోపు తీర్మానించుకున్నాను.

సొంతంగా ఒక గొర్రెల కాపరి పాఠం రాశాను. పాత్రలుగా పంచి, పిల్లలు ఎవరి మాట వాళ్ళు చదివేలా పెట్టాను. శ్రావణి కాపరి. వాళ్ళ బాపు బీరయ్యకు పెద్ద మంద ఉంది, సెలవు రోజుల్లో ఆ పిల్ల కూడా వెంట పోతుంది. అయినా మందను పిలిచే చోటుకొచ్చేసరికి, హాజరు పలికినట్టు చప్పగా చదివింది.

"గిట్లనా పిలిచేది? మీ బాపు పిలిచినట్టు పిలువు."

"వద్దు సార్. గట్ల పిలిస్తే మా గొర్లు ఉరికొస్తయి."

"పొద్దుగాల మీ మంద యాడుంటది?"

"గుట్ట మీద."

"మన క్లాసెప్పుడు?"

"పొద్దుగాల."

"మరేంది నీ ఫికర్?"

ఇంత ముందుచూపున్న మనిషిని గొర్రెలు ఓడిస్తాయని మీరైనా అనుకుంటారా?

ఎంఈవో సార్ పొద్దున రాలేదు, ఏదో మీటింగట. ఆయన వచ్చేసరికి ఆఖరి పీరియడ్, నా క్లాసును దానికే మార్చారు. మా బడి వెనక ప్రహరీ ఎప్పుడో కూలింది. సాయంత్రం మందలన్నీ ఆ సందులోంచి వచ్చి, మా వరండా పక్కనుంచే ఇళ్ళకు పోతాయి. నేను రోజూ చూసేదే. కానీ ఆరోజు నా కంటికి ఎంఈవో సార్ తప్ప ఇంకేదీ ఆనలేదు. శ్రావణి మాత్రం కిటికీ వైపు చూసి ఆగిపోయింది.

"సార్, ఇప్పుడు గాదు..."

"చదువు బిడ్డా. అచ్చం మీ బాపు లెక్క."

చదివింది. నాలుక ఆడించి, గొంతు సాగదీసి పిలిస్తే నాకే ఆ పిల్ల వెంట పోవాలనిపించింది. ఎంఈవో సార్ మెచ్చుకోలుగా తలూపారు. పక్కగదిలో సుజాత మేడం వినే ఉంటుందని నేను లోలోపల మురిసిపోయాను. అప్పుడే గుమ్మంలో ఒక పొట్టేలు నిలబడింది.

దాని వెనక మంద మొత్తం లోపలికొచ్చింది. బెంచీల కింద గొర్రెలు, బెంచీల మీద పిల్లలు. ఎంఈవో సార్ కాళ్ళు పైకి లాక్కుని కుర్చీలోనే పద్మాసనం వేశారు. గోడకు నా చార్టు, సుజాత మేడం చార్టు పక్కపక్కనే ఉన్నాయి. పొట్టేలు రెండూ చూసి నాదే తిన్నది. దానికి కూడా ఆవిడంటేనే గౌరవం.

బయటి నుంచి బీరయ్య కేకేశాడు. "నా గొర్లను ఎవలు పిలిశిండ్రు సారూ?"

"చదువుతున్నం బీరయ్యా."

"చదువుకు గొర్లెందుకు సారూ?"

దీనికి జవాబు నాకు బీఈడీలో చెప్పలేదు. శ్రావణి వైపు తిరిగి, "జర బయటికి తోలు బిడ్డా" అన్నాను.

"నాకు పిలుసుడే రాసిండ్రు సార్. తోలుడు రాయలే."

ఈ గోలకు సుజాత మేడం వచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. చాక్‌పీసు తీసుకుని, రెండో తలుపు తెరవమని బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసింది. పిల్లలు చదివి తెరిచారు. అరవొద్దని రాసింది. చప్పుడాగింది. మెల్లగా తోలమని రాసింది. నా చార్టు మిగిలిన ముక్కతో సహా మంద బయటికి పోయింది.

ఎంఈవో సార్ కాళ్ళు కిందికి దించారు. "చదువుడు, సమజ్ చేసుకునుడు, చేసుడు. గిదీ పాఠమంటే. ఎవల ఆలోచన?"

"తెలుగు సార్‌ది సార్," అంది సుజాత మేడం. "నేను ఆఖరికి జర సాయం జేసిన, గంతే."

ఆవిడ తిట్టినా ఓర్చుకునేవాణ్ణి. ఆ మంచితనం చూసి ఒళ్ళు ఇంకా మండింది. మంచితనంలో కూడా నన్ను మించిపోతే నేనెక్కడికి పోవాలి?

"అవును సార్, నాదే," అన్నాను.

"గొర్లు గూడనా?"

"గొర్లు గూడ సార్. కావాలనే పిలిపించిన."

వారం తిరక్కుండా నల్గొండ నుంచి కబురొచ్చింది. పాఠం చెప్పేది సుజాత మేడం. గొర్రెలను సమకూర్చి, తీసుకొచ్చి, పాఠమయ్యేదాకా చూసుకునేది వాటి ఆలోచన చేసిన తెలుగు సార్.

డీసీఎం వ్యానులో ముందు సీట్లో సుజాత మేడం కూర్చుంది. వెనక మంద మధ్యలో నేను, బీరయ్య నిలబడ్డాం. నల్గొండ దాకా ఆయన నాతో ఒకే మాటన్నాడు: "పొట్టేలును గట్టిగ పట్టుకోండ్రి సారూ, దానికి బండి పడది." నిజంగానే పడలేదు. నా చొక్కా సాక్ష్యం.

పాఠం అద్భుతంగా జరిగింది. హాలంతా చప్పట్లు. సగం సుజాత మేడానికి, సగం పొట్టేలుకు. ఒకాయన దాని పక్కన ఫోటో దిగుతూ నన్ను జర పక్కకు జరగమన్నాడు.

అక్కడే, పొట్టేలు కొమ్ము మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. నా క్లాసులో ఇక మీదట అందరూ మనసులోనే చదువుకుంటారు. సుజాత మేడాన్ని చూసి జన్మలో మళ్ళీ కుళ్ళుకోను. పొట్టేలు విషయంలో మాత్రం మాటివ్వలేను.