భయం లేనివాళ్లకు తుపాకీ లేదు

పాపకు జ్వరం దిగలేదు. మావారు "నీకన్నిటికీ భయమే" అని అటు తిరిగి పడుకున్నారు. నిద్ర రాక మా ఉస్తాద్ గురించి రాస్తున్నాను. మంచుకొండల సరిహద్దులో కాల్పుల్లో ఆయన పోయి రెండేళ్లయింది.

పద్దెనిమిదేళ్లకే నేపాల్ నుంచి వచ్చి మన సైన్యంలో చేరిన హవల్దారు. యూనివర్సిటీలో ఎన్‌సీసీ అమ్మాయిలకు రైఫిల్ నేర్పేవాడు. చేతికిచ్చే ముందు ప్రతి ఒక్కరినీ అడిగేవాడు: "భయం ఉన్నదా?"

"భయమేంది ఉస్తాద్, అస్సల్ లేదు!" అంది ఒకసారి నా స్నేహితురాలు.

"అయితే పోయి చాయ్ తాగు. భయం లేనోళ్లకు బందూక్ ఇయ్య."

వణుకుతున్న నాకే ముందు ఇచ్చాడు. భయపడ్డందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే.

కొన్నాళ్లకు ఆయన్ను సరిహద్దుకు పిలిచారు. వీడ్కోలు చెప్పడానికి తార్నాకలో ఆయన అద్దె గదికి వెళ్లాం. నాలుగేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు మీరు చెప్పండి ఉస్తాద్, భయం ఉన్నదా?" అంది నా స్నేహితురాలు.

"లేదు," అన్నాడు గట్టిగా.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. కూతురు వింటోందని అలా అన్నాడని తల్లినయ్యాకే అర్థమైంది. ఆ రోజు నేను చూసింది ఆయన పిడికిలినే.

"నొప్పైతుంది బాబా," అంది ఆ పిల్ల, తార్నాక పిల్లలతో ఆడి నేర్చుకున్న తెలుగులో, వేళ్లు విడిపించుకుంటూ.