గాజు తొట్టెలో జెర్రులు

మా బాబాయి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. జగ్గయ్యపేటలో మా ఇంటి హాల్లో సముద్రం పెట్టాలని ఆయనకి ఎందుకు బుద్ధి పుట్టిందో ఇప్పటికీ తెలియదు. నేను నందిగామ కాలేజీకి బస్సులో వెళ్లొస్తున్న రోజులవి. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి గాజు తొట్టె, ఉప్పునీళ్లు, నీలం లైటు, చిల్లులు పడ్డ నాలుగు రాళ్లు. రాళ్ల మీద చొక్కా గుండీలంత పగడపు పూలు. వాటి మధ్య తెల్లచారల నారింజ రంగు చేప ఒక్కటే ఒకటి.

"లారీల కొద్దీ రాళ్లు మన ఊరి నుంచి పోతుంటే, నువ్వు రాయి కోసం మద్రాసు దాకా పోయావంట్రా?" అంది నానమ్మ.

"ఇది ప్రాణమున్న రాయమ్మా. దీంట్లో ఏవేవో బతుకుతుంటాయి."

బతికాయి. మూడు నెలలు తిరిగేసరికి, పొద్దున్నే లైటు వేయకముందు చూస్తే, చిల్లుల్లోంచి గులాబీ రంగు పురుగులు జెర్రుల్లా పాకుతూ కనిపించాయి. బాబాయి ఒకదాన్ని చేత్తో పట్టాడు. దాని ఒంటి మీది తెల్లటి నూగు సన్నటి ముళ్లలా వేళ్లలో దిగింది. ప్లాస్టరు అంటించి ఆ ముళ్లు పీకడం నా వంతయింది.

తర్వాత ఆయన మందుసీసా మూతకి చిల్లులు పెట్టి, లోపల రొయ్య ముక్క వేసి, తొట్టెలో ముంచాడు. తెల్లారేసరికి ఏడు పురుగులు దొరికాయి. మర్నాడు తొమ్మిది. పగడపు పూలు కొన్ని ముడుచుకుపోయాయి.

"నెలాఖరుకి ఇవి తగ్గకపోతే తొట్టె ఎత్తేస్తా. చేపని విజయవాడ షాపులో ఇచ్చేస్తా" అన్నాడు.

ఆ మాటకి నానమ్మ మొహం చిన్నబోయింది. పగలంతా ఆవిడా, ఆ చేపే ఇంట్లో. మధ్యాహ్నం సీరియల్లో ఏం జరిగిందో ముందు దానికి చెప్పేది, తర్వాతే మాకు.

తొట్టెతో పాటు బాబాయి ఒక పుస్తకం కూడా తెచ్చాడు. ఆయన బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తే నేను మొత్తం చదివాను. ఆ పురుగులు మిగిలిపోయిన మేత తినే పెరుగుతాయని అందులో ఉంది. ఆ మేత ఎలా మిగులుతోందో నాకు తెలుసు. నానమ్మ కాఫీ తాగితే చేపకి చిటికెడు గింజలు. పాలాయన వస్తే ఆయన చేత చిటికెడు. పక్కింటావిడ వస్తే, "మీరూ వెయ్యండమ్మా, పాపం మీకేసే చూస్తోంది." ఒక సెలవు రోజు ఇంట్లోనే కూర్చుని లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాను. పదకొండు సార్లు.

బాబాయికి చెబితే ఆవిడ మీద అరుస్తాడు. ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాదు. నందిగామ నుంచి బస్సులో వస్తూ మనసులో నాలుగు వాక్యాలు కూర్చుకున్నాను. ఇంటికొచ్చాక రెండే బయటికొచ్చాయి.

"నానమ్మా, చేపకి కాస్త తగ్గించి పెట్టవా? ఆ మేతకే పురుగులు పెరుగుతున్నాయంట."

"ఎదురుగా నిలబడి నా మొహంలోకే చూస్తుంటే పెట్టకుండా ఎట్లా ఉంటానే? నువ్వుంటావా?"

నిజమే, నేనూ ఉండలేను. ఆవిడ చేతిలో అరటిపండు చూశాను. ఆరోజు శనివారం. వెంకటేశ్వరస్వామికని ఆవిడ అన్నం మానేసే రోజు.

"నీతో పాటు దాన్నీ శనివారం ఉపవాసం ఉంచకూడదా?" అన్నాను.

నానమ్మ నమలడం ఆపింది. "పూర్తిగానా?"

"రాయి మీద నాచు గిల్లుకుంటుందిగా. అదే ఫలహారం."

"మరి మిగతా రోజులు?"

"పొద్దున ఒక్కసారి. నీ చేత్తోనే. ఉపవాసాలుండే చేప అందరి చేతా తింటుందా ఏంటి?"

ఆవిడకి ఈ చివరి మాట బాగా నచ్చింది. మర్నాడు పాలాయన అలవాటుగా చెయ్యి చాపితే, "దానికి నియమాలున్నాయండి" అని డబ్బా లోపల పెట్టేసింది.

నెలాఖరు శనివారం పొద్దున సీసాలో ఒక్క పురుగే ఉంది. పూలు మళ్లీ విచ్చుకుంటున్నాయి. బాబాయి సీసా ఎత్తి పట్టుకుని, "చూశారా నా పనితనం! ఇంక తొట్టె ఎక్కడికీ పోదులే" అన్నాడు. ఆ సంతోషంలో ఆయన మేత డబ్బా అందుకోబోయాడు. నానమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇవాళ శనివారంరా. అది తినదు."

"చేపకి శనివారమేంటమ్మా?"

"నీకు లేని భక్తి దానికుంది. పక్కకి జరుగు."