చెద తినేసిన ఊరి పేరు

మా డ్రాయింగు మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. విశాఖలో ఆఫీసుకి బయలుదేరుతున్నదాన్ని, సెలవు పెట్టి చోడవరం బస్సెక్కాను.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లెవరూ ఆయన ముందుగదిలోని బొమ్మని మరిచిపోరు. ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే, పగిలిన అద్దంతో సహా అడిగి తెచ్చుకున్నారట. నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో అచ్చయిన నలుపు తెలుపు బొమ్మ. నది ఒడ్డున గుట్ట, గుట్ట మీద కూలిన కోట, గోడల నిండా పాకిన తీగలు. కింద ఊరి పేరు ఉండాల్సిన చోటు చెద తినేసింది.

ఆదివారాలు మాచేత ఆ బొమ్మ చూసి గీయించేవారు. నేను గోడలన్నీ స్కేలు పెట్టి గీస్తుంటే, మెల్లగా స్కేలు తీసేసుకుని, "నిలబడ్డ గోడకైతే ఇది సాలమ్మా. కూలిపోయిన గోడకి కళ్లతోటే పని" అన్నారు. బాగా కుదిరిన బొమ్మని మెచ్చుకునేవారు కాదు. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడేవారు. మాకది చాలు.

రెండేళ్ల కిందట చూడ్డానికి వెళ్తే, కొంచెం మొహమాటపడుతూ అడిగారు.

"ఈ కోట ఏ ఊర్లోదో ఫోన్లో దొరుకుద్దంటన్నారు. సూసి సెప్తావేటమ్మా? ఇన్నేళ్లు ఇంట్లో ఎట్టుకుని ఊరు పేరు తెలీకపోతే ఎలాగ?"

ఫొటో తీసుకున్నాను. "ఆదివారం చూస్తాను మాస్టారూ" అన్నాను. తర్వాత రెండుసార్లు ఫోన్లో అడిగారు. రెండుసార్లూ "చూస్తున్నాను" అనే చెప్పాను. మూడోసారి నా పిల్లల చదువుల గురించి మాత్రమే అడిగి ఫోన్ పెట్టేశారు. ఆ రోజు నేను 'హమ్మయ్య' అనుకున్నాను. ఆ మాట దాచుకోలేను.

మంగళవారం బస్సు చెరకు ట్రాక్టర్ల వెనక ఆగిపోయినప్పుడు, ఆ ఫొటో తీసి వెతికాను. రెండు నిమిషాలు పట్టలేదు. వేల్స్‌లో ఒక నది ఒడ్డున ఆ కోట ఇంకా ఉంది. జనం వెళ్లి చూసి వస్తున్నారు.

నేను చేరేసరికి ఆయన్ని తీసుకెళ్లిపోయారు.

పదకొండో రోజున మళ్లీ వెళ్లి, మాస్టారి భార్యకి ఆ కోట చూపించాను. ఫోన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారావిడ.

"ఇదేనేటి? ఎంత పచ్చగుందో సూడు! ఎవులొచ్చినా నీ గురించే సెప్పేవోరమ్మా, మా గుంట కనుక్కుంటాది, పనుల్లో ఉండిపోనాది పాపం, అని."

పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎవరికైనా ఇచ్చేద్దామని ఉతికిన ఆయన తెల్లచొక్కాలు దండెం మీద ఆరుతున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా పోని పెన్సిలు నలుపు, ప్రతి జేబు అడుగునా.