నూతిలో గాలి

మొన్న మా మనవరాలు కొనుక్కున్న చేపల తొట్టికి దుకాణంవాళ్లు చిన్న సిలిండరు బిగించి, అడుగున సంచిలోని నల్లమట్టి గుళికలు పరిచి, మొక్కలు నాటి వెళ్లారు. గొట్టంలోంచి బుడగలు లేస్తుంటే చూడమని నన్ను కుర్చీతో సహా దగ్గరికి జరిపింది. చూశాను గానీ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. ఆ బుడగల పక్కన ఇంకొక మనిషి కూర్చుని ఉన్నట్టే ఉంటుంది నాకు.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో మాట ఇది. చదువు పదో తరగతితో ఆగినా, సాయంత్రం పని కాగానే గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా అర్థమైనవీ కానివీ అన్నీ చదివేవాణ్ణి. మన వయసువారికి గుర్తుండే ఉంటుంది, విప్పితే పొడి రాలే ఆ పాత పుస్తకాల వాసన. అలా దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో నీటి మొక్కల తొట్టి బొమ్మ చూసి మనసు పారేసుకున్నాను. అడుగున సారమున్న మట్టి, దానిమీద ఇసుక, నీళ్లలోకి కాస్త బొగ్గుపులుసు గాలి, అదే ఇప్పటివాళ్ల కార్బన్ డయాక్సైడ్, అందితే చాలు, గాజు గోడల మధ్య తోట పెరుగుతుందట.

సిలిండర్లు మనకెక్కడివి? వరిమడి మట్టి తెచ్చి, ఎండబెట్టి, వేళ్లూ పుల్లలూ ఏరి, జల్లించి ఒక గాజు తొట్టి అడుగున పరిచాను. ఏటి ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి దానిమీద కప్పాను. మట్టి రేగకుండా ఒక పళ్లెం పెట్టి, దాని మీద నీళ్లు పోస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "బురద ఇంట్లోకి తెచ్చీసేరు, ఇంక నాట్లకి కూలోళ్లని కేకెయ్యమంటారేటి?" అని నవ్వింది. గాలి కోసం, మార్కెట్‌లో దిమ్మలు పగిలి రాలిన బెల్లం ముక్కలను సీసాడు నీళ్లలో కరిగించి, బేకరీలో అడిగి తెచ్చిన ఈస్టు కలిపి, మూతకు బెజ్జం చేసి సెలైను గొట్టం బిగించి, దాని రెండో కొస తొట్టిలోకి వదిలాను. మర్నాటికి ఇల్లంతా పులిసిన బెల్లం వాసన, నీళ్లలో బుడగలు.

ఆ బుడగలను అందరికంటే ఎక్కువగా చూసింది మా వదిన. అన్నయ్య పోయిన దగ్గరనుంచి మా ఇంట్లోనే ఉండేది. ఒక వేసవిలో అన్నయ్య మా చెరకు పొలంలో పాడుపడ్డ నూతిలో పూడిక తీద్దామని దిగి, అడుగుకు చేరగానే కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. నీళ్లు లేవు, ఒంటిమీద దెబ్బ లేదు. ఎప్పుడో అందులో పడి చచ్చిపోయిన పిల్ల పట్టుకుందన్నారు ఊళ్లో. అమావాస్యపూట మొగుణ్ణి నూతికి పంపిందని వదినను ఆడిపోసుకున్నారు. ఆవిడ ఎదురు చెప్పలేదు. ప్రతి అమావాస్యకూ అన్నం, వంకాయ కూర ఆకులో పెట్టుకుని వెళ్లి, నూతి గట్టున ఉంచి, లోపలికి వంగి కాసేపు మాట్లాడి వచ్చేది. ఏం మాట్లాడేదో మేము ఎప్పుడూ అడగలేదు.

సీసాలోని గాలి ఎక్కువైతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. అదెందుకో తెలుసుకుందామని గ్రంథాలయంలో ఒక తెలుగు సైన్సు పుస్తకం తీశాను. ఆ గాలి మామూలు గాలి కంటే బరువట, వాడకం లేని నూతుల అడుగున చేరుతుందట, దీపం దించి చూసుకోకుండా దిగినవాడు ఊపిరాడక ప్రాణం వదులుతాడట. నా వేలు ఆ వాక్యం మీదే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా వదిన మోస్తున్న నింద ఈ ఒక్క ముక్కతో దిగిపోతుందని, ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లాను.

సీసా మూత తీసి, వెలుగుతున్న అగ్గిపుల్లను లోపలికి దించి చూపించాను. నీళ్లను తాకకముందే ఆరిపోయింది.

"అన్నయ్యను తీసుకుపోయింది ఇదే వదినా. దెయ్యమూ కాదు, అమావాస్యా కాదు. నీ తప్పేం లేదు."

వదిన ఆ కాలిన పుల్లను చేతిలోకి తీసుకుంది. "అయితే నూతిలో ఎవులూ లేరంతావా?"

"లేరు. ఉత్త గాలి."

"మరిన్నాళ్లూ నాను ఎవులితో మాటాడేను మరిదీ?"

నేను సీసా మూత మళ్లీ బిగించాను.

ఆ తరువాత ఎవరైనా పాత నింద ఎత్తితే, వదిన తలెత్తి, అది గాలి అని చెప్పేది. అంతవరకు నేననుకున్నట్టే జరిగింది. కానీ నూతికి వెళ్లడం మానేసింది. అమావాస్య నాడు ఆకు కోసి తెచ్చేది, అరుగుమీద పెట్టుకుని కూర్చునేది, సాయంత్రానికి అది వాడిపోయేది. ఒకరోజు తొట్టి దగ్గర, బుడగలు లేచే చోటికి ముఖం ఆనించి, పెదవులు కదుపుతూ కనిపించింది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. వదిన పోయాక మళ్లీ ఆ సీసాలో బెల్లం కలపలేదు.

పొలం చేతులు మారింది, నుయ్యి పూడ్చేశారు. ఈమధ్య అటు వెళ్లినప్పుడు, అచ్యుతాపురం కంపెనీ బస్సు కోసం రోడ్డుపక్కన నిలబడ్డ అమ్మాయిని, ఇక్కడ ఒక నుయ్యి ఉండేది, ఎక్కడో తెలుసా అమ్మా అని అడిగాను. "నుయ్యేటి తాతా, ఇక్కడెప్పుడూ బోరే!" అని నవ్వి బస్సెక్కేసింది. మన కాలంలో పోయినవాళ్లు ఒక నూతిలోనో, ఒక చెట్టుమీదో ఉండేవారు, భయపడినా సరే వాళ్ల చోటు మనకు తెలిసేది. బస్సు వెళ్లాక అన్నయ్యతో ఒక్క మాట చెబుదామనిపించింది. వదిన నీ దగ్గరికి వచ్చిందా అని అడుగుదామనిపించింది. నాలుగు పక్కలా చూశాను. ఎటు తిరిగి అడగాలో తెలియక, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను.