బెల్టు మీది నాలుగు గీతలు

నాన్నగారు పోయిన రెండో ఏట, చోడవరం తాలూకా ఆఫీసులో నకళ్లు రాసే పని ఖాళీ ఉందని తెలిసింది. మా ఇంట్లోవాళ్లు ఒకరి ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడడం అదే మొదలు. కనీసం చిరిగిన బట్టతో నిలబడకూడదనుకున్నాను.

ప్యాంటుకి నాన్నగారి బెల్టు ఒక్కటే ఉంది. యుద్ధం ముగిశాక విశాఖపట్నంలో మిలటరీ సామాను వేలం వేసినప్పుడు కొన్న దళసరి గుడ్డ బెల్టు, ఇనప బకిలు. కొస పోగులూడి చీపురులా అయింది. దర్జీకిస్తే ఊరంతా తెలుస్తుంది. అందుకే కత్తెర, దబ్బనం, మైనం రాసిన దారం తీసుకుని వసారాలో కూర్చున్నాను.

"జానెడు కత్తిరించీ బాబూ. నీకెలాగూ పొడుగే," అంది అమ్మ.

ఎక్కడ కత్తిరించాలో చూద్దామని బెల్టుని వెలుగుకి తిప్పాను. అడ్డంగా నాలుగు తుప్పు గీతలు. బకిలు నొక్కుకున్న చోట్లు. మొదటిది కొసకి దగ్గర. తరవాతి రెండూ లోపలికి జరుగుతూ వచ్చాయి. నాలుగోది కొసనించి జానెడు దాటి ఉంది.

"నాన్నగారు ఇంతలా చిక్కిపోయేరా?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "బుచ్చయ్యపేట పనిమీద వెళ్లినప్పుడల్లా అక్కడే భోంచేసి వచ్చేననీవారు కదా."

"మరి తినలేదా?"

"నాకేటి తెలుసు బాబూ. ఆయన చెప్పేరు, నేను నమ్మేను." చేట ఒకసారి కుదిపి, "నమ్మినట్టే ఉన్నాను," అంది.

ఆ ఊరినించి రాగానే ఆయన నిటారుగా కూర్చుని చెంబెడు నీళ్లు తాగేవారు. కడుపు నిండా తిన్నవాడికి దాహం ఎక్కువని నాతో అనేవారు. ఆయన వంతు కూర కూడా నేను తినేవాణ్ని.

కత్తెర పక్కన పెట్టేశాను. పోగులు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టాను. మొదటి గీతకి దబ్బనం తగలనివ్వలేదు. పెట్టుకుని చూస్తే బకిలు సరిగ్గా నాలుగో గీత మీద కూర్చుంది. మిగిలిన కొస కిందికి వేలాడింది.

ఆఫీసులో హెడ్ గుమాస్తా దాన్నే చూశాడు. "ఆ తోకేటి బాబూ? బెల్టు ఎవరిది?"

"మా నాన్నగారిదండి."

"అవునవును, ఎరుగుదును. వొళ్లున్న మనిషి."

"అవునండి," అన్నాను.

పని దొరికింది. జీతం మాత్రం నెలాఖరుకే. ఆ మధ్యాహ్నం గిన్నెలో అన్నం ఒక్కరికే ఉంది. ఆఫీసులో తినేసి వచ్చేనని చెప్పి, నిటారుగా కూర్చుని, చెంబెత్తి నీళ్లు తాగాను.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాకేసి కాకుండా నా నడుంకేసి చూసింది.

"ముందా బెల్టు తీసి కూచో," అని రెండు కంచాలు వేసింది.