కౌంటరు ముందు వరసలో మా నాన్న

మొన్న పనిమీద గుడివాడ నుంచి బందరు వెళ్ళాను. పని తొందరగా తెమిలిపోవడంతో, ఇంటికెళ్ళి మాత్రం ఎవరితో మాట్లాడతానులే అనుకుని, కొత్తగా పెట్టారని విన్న తపాలా మ్యూజియంలోకి అడుగుపెట్టాను. మా ఆయన పోయాక ఇలా ఎక్కడో ఒకచోట పొద్దు గడపడం నాకు అలవాటైపోయింది. రాజుల బొమ్మల స్టాంపులు, ఊరూరా ఉత్తరాలు మోసిన రన్నర్ల గజ్జెల ఈటె, రంగు వెలిసిన ఎర్ర డబ్బాలు అద్దాల వెనక ఉన్నాయి. మనుషులంటే నేనూ, గుమ్మం దగ్గర కునుకుతున్న కాపలా ఆయనా. లోపలి గదిలో పాత పోస్టాఫీసు కౌంటరొకటి ఇనప చువ్వలతో సహా నిలబెట్టారు. దాని ముందుకొచ్చి ఆగిపోయాను. వయసులో ఉన్నప్పుడు, ఈ బందరులోనే, అలాంటి చువ్వల వెనక కూర్చున్నాను నేను.

మాది కోడూరు పక్క పల్లె. నాన్న వ్యవసాయ కూలీ. ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. హాస్టల్లో ఉండి చదువుకున్న నాకు తపాలా గుమాస్తా ఉద్యోగం వస్తే, పల్లె పల్లెంతా మా వాకిట్లో చేరి ప్రార్థన చేసి పంపింది. కానీ బందరులో నాకెవరున్నారు? పగలంతా స్టాంపులు చించి ఇస్తూ, కవర్లు తూకం వేస్తూ ఎన్నో ముఖాలు చూసేదాన్నే గాని, అద్దెగదికి చేరాక తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఆఫీసులో అందరూ నాకంటే పెద్దవాళ్ళు, మగవాళ్ళు. మర్యాదకి లోటు లేదు, మాటకే కరువు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఇక నావల్ల కాదు, వచ్చి తీసుకుపొమ్మని నాన్నకి కబురంపాను.

ఒకనాడు జనం కిటకిటలాడుతున్న వేళ, తలెత్తకుండానే ఏం కావాలండీ అన్నాను.

“ఒక కార్డు ఇప్పించండమ్మా.”

ఆ గొంతుకి ఉలిక్కిపడి చూస్తే, చువ్వల అవతల చలవ పంచెలో, చెమటలు కక్కుతూ మా నాన్న. అవనిగడ్డ మీదుగా బస్సులో వచ్చి, ఆఫీసులో కూతుర్ని పేరుపెట్టి పిలవచ్చో లేదో తెలియక, అందరితోపాటు వరసలో నిలబడ్డాడట. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. నేను కార్డిచ్చాను, నాన్న తీసుకున్నాడు, అంతే. ఆఫీసు మూసేదాకా బయట మెట్ల మీద కూర్చున్నాడు.

బయటికి రాగానే ఏడ్చేశాను. బట్టలు సర్దుకునే ఉన్నాను, పోదాం పద అన్నాను.

“తీసుకెళ్దామనే వచ్చానమ్మా,” అన్నాడు నాన్న. “ఆ వరసలో నిలబడి నిన్నే చూశా. మనూరి మోతుబరుల్లాంటోళ్ళు కూడా నిన్ను అండీ అండీ అంటన్నారు. నాకు కడుపు నిండిపోయింది. అయినా నీకు కష్టంగా ఉంటే చెప్పు, ఇప్పుడే బస్సెక్కుదాం.”

నేను కళ్ళు తుడుచుకున్నాను. బస్టాండు దాకా వెంట నడిచి, నాన్ననొక్కణ్ణే బస్సెక్కించి, గదికి తిరిగొచ్చాను.

ఒంటరితనం ఆ రోజుతో పోలేదు. కానీ అప్పటినుంచీ నాన్న వీలు చిక్కినప్పుడల్లా వచ్చి, వరసలో నిలబడి, ఒక కార్డు కొనుక్కుని, నన్ను కళ్ళారా చూసుకుని వెళ్ళేవాడు. రాయడం రాని మనిషికి కార్డులెందుకని నేనెప్పుడూ అడగలేదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. ఇప్పుడు మన ఈడువాళ్ళందరికీ లాగే నాకూ నావాళ్ళు ఫోనులో కనబడతారు. బాగున్నావా అంటారు, బాగున్నానంటాను, అంతలో తెర ఆరిపోతుంది. సుఖమే, కాదనను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నన్ను చూడటానికే పనిగట్టుకుని ఎవరైనా మా గుమ్మమెక్కి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోబోయాను. గుడివాడ వచ్చేసింది గాని, గుర్తు రాలేదు.